పుర్రచేతి పిల్ల, హాకీ కర్ర

మా హాస్టల్లో ఏడో తరగతి చదివే పిల్ల ఒకతె ఉంది. అన్నం కుడిచేత్తోనే తింటుంది గానీ, రాయి విసిరినా, కొడవలి పట్టినా, చీపురు పట్టినా పుర్రచెయ్యే ముందుకొస్తుంది. నిరుడు హాకీ జట్టుకి పిల్లల్ని ఎంపిక చేసినప్పుడు ఈ పిల్లను పక్కన కూర్చోబెట్టారు. "పుర్రచేతి వాళ్లకి హాకీ రాదు మేడం, వాళ్లకి కర్రే లేదు" అన్నారు ఎంపిక చేసినవారు. ఆ రాత్రి ఆ పిల్ల అన్నం ముట్టలేదు.

నాకు నా ఒకటో తరగతి గుర్తొచ్చింది. పలక మీద ఎడమచేత్తో 'అ' దిద్దినందుకు వేళ్ల మీద బెత్తం దెబ్బ పడింది. ఉపాధ్యాయ శిక్షణలో చేరాకగానీ ఆ దెబ్బ తప్పని నాకు తెలియలేదు. అందుకే "హాకీ రాదు" అన్న మాటను ఊరికే వదలాలనిపించలేదు. అది నిజమో కాదో హాకీ చరిత్రలోనే వెతికాను. తెలుసుకున్నది మన సంఘం పిల్లలకీ పెద్దలకీ చెబుదామని ఈ నాలుగు మాటలు.

మనకు హాకీ అంటే గడ్డి మైదానం. కెనడాలో హాకీ అంటే మంచు మీద ఆట. బంతికి బదులు నల్లటి రబ్బరు బిళ్ల ఉంటుంది, దాన్ని పక్ అంటారు. ఆ ఆటకు తొలినాళ్లలో మేలైన కర్రలు చేసి ఇచ్చినవారిలో నోవా స్కోషియా ప్రాంతపు మిక్‌మా ఆదివాసులు ముఖ్యులు. చెట్టు మొదలు, వేరు కలిసే చోట సహజంగా ఉండే వంపును చూసి, ఒకే చెక్కతో కర్ర చెక్కేవారు. కర్ర అడుగున పక్‌ను కొట్టే పలక అప్పట్లో తిన్నగా ఉండేది. ఒకే కర్రతో కుడివైపు నుంచీ కొట్టొచ్చు, ఎడమవైపు నుంచీ కొట్టొచ్చు. 1960లలో ఆ పలకను వంచి ఆడటం వ్యాపించింది. కుడివాటం కర్ర వేరు, ఎడమవాటం కర్ర వేరు అన్న తేడా అప్పుడు గట్టిపడింది.

మంచు హాకీలో కర్రను కింద పట్టే చెయ్యి ఏదైతే ఆటగాడిది ఆ వాటం. ఎడమవాటం వాడు ఎడమ అంచున, కుడివాటం వాడు కుడి అంచున ఆడాలన్నది మామూలు లెక్క. అయితే కొందరు దానికి ఎదురువైపు నిలబడి ఆడారు. దీనివల్ల నష్టం ఉంది: గోడ వెంబడి వచ్చే పక్‌ను కర్ర వెనకవైపుతో అందుకోవాలి. లాభం కూడా ఉంది: కర్ర కొస మైదానం నడిమికి దగ్గరగా ఉంటుంది, గోలు కొట్టడానికి కోణం విశాలమవుతుంది. మాంట్రియల్ జట్టు ఆటగాడు మోరిస్ రిచర్డ్ ఎడమవాటం మనిషి, ఆడింది కుడి అంచున. 1944–45లో 50 ఆటల్లో 50 గోల్స్ కొట్టారు. అంతకుముందు ఆ లీగులో ఒక్క సీజన్‌లో 50 గోల్స్ ఎవరూ కొట్టలేదు. మన కాలంలో రష్యాకు చెందిన అలెగ్జాండర్ ఒవెచ్కిన్ కుడివాటంతో ఎడమ అంచున ఆడుతూ 2025 ఏప్రిల్ 6న 895వ గోలు కొట్టి, వేన్ గ్రెట్జ్‌కీ రికార్డును దాటారు.

ఇక మన హాకీ సంగతి. ఎంపిక చేసినవారి మాటలో సగం నిజం ఉంది. మన హాకీ కర్రకు ఎడమవైపు మాత్రమే చదునుగా ఉంటుంది, కుడివైపు గుండ్రం. గుండ్రం వైపుతో బంతి ఆడితే ఫౌల్. పుర్రచేతి వాళ్లకని వేరే కర్ర లేదు, నియమాలు ఒప్పుకోవు. కాబట్టి ఆడేవాళ్లందరికీ కుడిపక్క సులువు, ఎడమపక్క కష్టం. ఎడమ అంచున పరిగెత్తే ఆటగాడు బంతిని నడిమికి కొట్టాలంటే ఒళ్లంతా తిప్పాలి, లేదా కర్రను తిరగేయాలి.

ఆ తిరగేయడాన్నే మనవాళ్లు విద్యగా చేసుకున్నారు. పాత ఇంగ్లీషు కర్రకు కింది వంపు పొడవు, తిప్పడం ఆలస్యం. మన దేశంలో మల్బరీ చెక్కతో వంపు పొట్టిగా ఉండే కర్రలు తయారయ్యాయి. వాటిని చిటికెలో తిప్పుతూ బంతిని కుడికీ ఎడమకీ తడుతూ ముందుకు సాగడం భారత ఆటకు గుర్తు అయింది.

ఇప్పుడు అసలు సంగతి. హాకీ కర్రను పట్టేటప్పుడు ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద ఉండాలి. కర్రను తిప్పేది పైనున్న ఎడమ మణికట్టే. కుడిచెయ్యి వదులుగా ఉండి కర్రను తిరగనివ్వాలి. అంటే ఈ ఆటలో మిగతా పిల్లలంతా కష్టపడి సాధించాల్సిన ఎడమచేతి పట్టు పుర్రచేతి పిల్లకు పుట్టుకతోనే ఉంది!

మన ఆదివాసీ ఆటగాళ్ల చరిత్ర చూసినా ఈ ఎడమపక్క కనిపిస్తుంది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత జట్టు నాయకుడు జైపాల్ సింగ్ ముండా. ఆ జట్టు ఒక్క గోలు కూడా ఇవ్వకుండా స్వర్ణం గెలిచింది. తర్వాత ఆయనే రాజ్యాంగ సభలో ఆదివాసుల గొంతు అయ్యారు. 1975లో ప్రపంచ కప్ గెలిచిన జట్టులో మైఖేల్ కిండో, మూడు ఒలింపిక్స్ ఆడిన సుందర్‌గఢ్ బిడ్డ దిలీప్ తిర్కీ. ముగ్గురూ ఫుల్‌బ్యాక్‌లే. ఎదుటివాడు దూసుకొచ్చేది ఫుల్‌బ్యాక్‌కు ఎడమపక్క నుంచే, ఎందుకంటే అక్కడ కర్ర ఆలస్యంగా అందుతుంది. ఆ పక్కను కాచుకోవడమే వారి పని. సిమ్డేగా, సుందర్‌గఢ్ ఊళ్లలో పిల్లలు వెదురు కర్రలతో ఆట మొదలుపెట్టి, గెలిచిన జట్టుకు మేకపోతు బహుమానంగా ఇచ్చే పోటీల్లో ఆరితేరారు. సిమ్డేగా అమ్మాయి సలీమా టేటే 2024లో భారత మహిళల జట్టుకు నాయకురాలైంది.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లి ఎంపిక చేసినవారికి చూపించాను. ఆయన చదివి, కాసేపు ఆగి, "రేపు పొద్దున పంపండి మేడం" అన్నారు. ఇప్పుడా పిల్ల ఎడమ అంచున ఆడుతోంది. మొదటి నెలంతా మోకాళ్లు చెక్కుకుపోయాయి. అరచేతుల్లో బొబ్బలెక్కితే కొబ్బరినూనె రాశాను.

అన్నలారా, అక్కలారా, మీ ఇంట్లో పుర్రచేతి పిల్లలుంటే దయచేసి ఆ చేతిని కొట్టకండి. బడిలో గానీ హాస్టల్లో గానీ ఎవరైనా "నీకు రాదు" అంటే, ఎందుకు రాదో ఒక్కసారి అడగండి. నేను అడగకపోయి ఉంటే ఆ పిల్ల ఈపాటికి ఆటే మానేసి ఉండేది.