సరిహద్దు దాటిన పేకముక్క

రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 34వ అంశం పందేలు, జూదం. పేకాటకు నాలుగు గోడలు, ఒక తలుపు ఉన్న కాలంలో ఆ ఏర్పాటు సరిపోయింది. ఎక్కడ ఆడితే అక్కడి పోలీసులు తలుపు తట్టేవారు. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు కేసు అలా పుట్టినదే. అందులో సుప్రీంకోర్టు 1967 నవంబరులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని తేల్చింది. అర్ధ శతాబ్దం తర్వాత ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు ఆశ్రయించింది ఆ తీర్పునే.

డబ్బు పెట్టి ఆడే ఆటలకు ఆ రక్షణను 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తొలగించాయి. అదే ఏడాది అక్టోబరులో ముఖ్యమంత్రి జగన్ 132 వెబ్‌సైట్లు, యాప్‌లను నిలిపివేయాలని కేంద్రానికి లేఖ రాశారు. నిషేధం విధించే అధికారం రాష్ట్రానిది. ఇంటర్నెట్‌లో దారి మూసే అధికారం కేంద్రానిది. ఈ రెంటి మధ్య మిగిలిన ఖాళీలో కాపలా బాధ్యత చివరకు కంపెనీల చేతికే వచ్చింది. ఆటగాడి ఫోను ఏ రాష్ట్రంలో ఉందో చూసి, నిషేధం ఉన్నచోట అవి ఆటను ఆపాలి.

ఆ కాపలాను దాటడం కష్టమేమీ కాలేదు. యాప్‌లు తయారుచేసేవారి పరీక్షల కోసం ఆండ్రాయిడ్‌లో ఉంచిన ‘మాక్ లొకేషన్’ సదుపాయంతో వరంగల్‌లోని ఫోను బెంగళూరులో ఉన్నట్లు చూపవచ్చు. దీన్ని పట్టుకునే పద్ధతులూ ఉన్నాయి. ఉపగ్రహ సంకేతం చెప్పే చోటును సెల్ టవరు, వైఫై, ఐపీ చిరునామా చెప్పే చోటుతో సరిపోల్చవచ్చు. పది నిమిషాల్లో వందల కిలోమీటర్లు ‘ప్రయాణించిన’ ఖాతాను నిలిపివేయవచ్చు. ఫోను వ్యవస్థను మార్చారేమో తనిఖీ చేయవచ్చు. అయితే ఏ ఒక్క ఆధారమూ సంపూర్ణం కాదు. హిందూపురం పరిసరాల్లో పక్క రాష్ట్రపు టవరు అందుకున్న ఫోను అబద్ధమాడినట్లు కాదు.

అసలు చిక్కు సాంకేతికతలో లేదు. ప్రతి పందెంలో వాటా తీసుకునే సంస్థకే, ఆ పందెం కాసేవాణ్ణి గేటు దగ్గర ఆపే పని అప్పగించడంలో ఉంది. కాపలా సడలితే లాభం కంపెనీకి, అప్పు ఆటగాడి కుటుంబానికి.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసి, డబ్బుతో ఆడే ఆటలను నైపుణ్యం, అదృష్టం అన్న తేడా లేకుండా దేశమంతటా నిషేధించింది. రాష్ట్రాల అధికారంలోకి కేంద్రం చొరబడిందన్న వాదన సుప్రీంకోర్టుకు చేరింది. నిషేధం నిలిచినా స్థానపు మోసం అంతరించదు. రాష్ట్ర సరిహద్దు నుంచి దేశ సరిహద్దుకు మారుతుంది. విదేశీ సర్వర్లు, వీపీఎన్‌లు ఇప్పటికే అక్కడున్నాయి. వాటిని అడ్డుకునే పేరిట ప్రతి పౌరుడి కదలికనూ నమోదు చేయడం మందు కాదు, మరో జబ్బు. ఫోను ఎక్కడుందని వెతకడం కన్నా డబ్బు ఎటు పోతోందని వెతకడం మేలు. కొత్త చట్టం బ్యాంకులను, చెల్లింపు సంస్థలను బాధ్యుల్ని చేసింది. అందులో గట్టి నిబంధన అదే.