సీఈఐఆర్

సెంట్రల్ ఎక్విప్‌మెంట్ ఐడెంటిటీ రిజిస్టర్‌కు సంక్షిప్త నామం. పోయిన, చోరీ అయిన మొబైల్ ఫోన్లను పనిచేయకుండా నిలిపివేసి, వాటి ఆచూకీ కనిపెట్టేందుకు భారత టెలికమ్యూనికేషన్ల శాఖ నెలకొల్పిన వ్యవస్థ. 2019లో ముంబైలో ప్రయోగాత్మకంగా మొదలై, 2023 మే నెలలో సంచార్ సాథీ పోర్టల్ ద్వారా దేశమంతటా అందుబాటులోకి వచ్చింది. తెలంగాణ పోలీసులు 2023 ఏప్రిల్ నుంచే దీన్ని వాడుతున్నారు.

పనితీరు: ప్రతి ఫోనుకూ 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య ఉంటుంది, *#06# నొక్కితే తెరపై కనిపిస్తుంది. బాధితులు పోలీసులకు ఫిర్యాదు చేసి, దాని ప్రతితో పోర్టల్‌లో నమోదు చేసుకుంటే, ఆ ఫోను దేశంలోని ఏ నెట్‌వర్క్‌పైనా పనిచేయదు. సిమ్ మార్చినా ఐఎంఈఐ మారదు కాబట్టి, ఎవరైనా కొత్త సిమ్ వేస్తే ఆ సమాచారం పోలీసులకు చేరుతుంది. ఫోను దొరికాక యజమాని అన్‌బ్లాక్ చేయించుకోవాలి.

జాగ్రత్త: సెకండ్ హ్యాండ్ ఫోను కొనేవారు ముందుగా దాని ఐఎంఈఐని సంచార్ సాథీలో తప్పక సరిచూసుకోవాలి. చోరీ సొత్తుకు గిరాకీ తగ్గేది అప్పుడే.