వెట్టి నేరమైన కథ

జనగామ జిల్లా దేవరుప్పుల మండలంలో ఉంది కడవెండి. 1946 జూలై 4న సంగం ఊరేగింపు దొర గడి దగ్గరికి వచ్చేసరికి తుపాకులు పేలాయి. సంగం కార్యకర్త దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. అమెరికా స్వాతంత్ర్య దినం కూడా జూలై 4నే. అది కాకతాళీయం, అర్థాలు తియ్యక్కర్లేదు. కానీ కడవెండి జనం ఎదిరించిన వెట్టిని నేరంగా రాసిన మన రాజ్యాంగం 23వ అధికరణకు మాత్రం అమెరికాతో నిజంగానే చుట్టరికం ఉంది.

వెట్టి అంటే కూలి లేని పని అని ఒక్క ముక్కలో చెప్పేస్తే సగమే చెప్పినట్టు. ఎవరేం చెయ్యాలో కులమే తేల్చేసేది. మాదిగలు కబురు మోయాలి, మూట మోయాలి. చాకలి గడి బట్టలు ఉతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, గౌండ్ల కల్లు పొయ్యాలి. రెవెన్యూ అధికారి గిర్దావర్ పర్యటనకు వస్తే కోళ్లూ, బండ్లూ ఊరివే. నాట్ల రోజుల్లో దొర పొలం పూర్తయ్యాకే తమ పొలం. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి ఏలుబడిలో ఇదంతా మరీ పచ్చిగా సాగింది. పాలకుర్తి చాకలి ఐలమ్మ కౌలు పంట జోలికి వచ్చింది కూడా ఆయన మనుషులే. వెట్టిని కట్టడి చేస్తూ నిజాం సర్కారు ఉత్తర్వులు ఇవ్వకపోలేదు. అవి గడి గుమ్మం దాటి లోపలికి పోలేదు, అంతే.

ఇక చుట్టరికం సంగతి. అమెరికా 1787 రాజ్యాంగం బానిస అనే మాట ఎక్కడా రాయకుండానే బానిసత్వానికి కాపు కాసింది. అదే ఏడాది ఒహాయో నదికి వాయవ్యంగా ఉన్న భూముల కోసం చేసిన ఆర్డినెన్సు మాత్రం, నేరానికి శిక్షగా తప్ప, బానిసత్వమూ బలవంతపు చాకిరీ పనికిరావంది. అంతర్యుద్ధం ముగిశాక, 1865 డిసెంబరులో ఆమోదం పొందిన 13వ సవరణ దాదాపు ఆ మాటలనే తీసుకుంది. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన అంబేడ్కర్‌కు ఇది తెలియని చరిత్ర కాదు. 1947లో ఆయన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో బలవంతపు చాకిరీ చేయించడం నేరమని ప్రతిపాదించారు. అందులో కొత్త దేశానికి పెట్టిన పేరే యునైటెడ్ స్టేట్స్ ఆఫ్ ఇండియా!

మన 23వ అధికరణ రాజ్యాంగ ముసాయిదాలో 17వది. 1948 డిసెంబరు 3న రాజ్యాంగ సభ దీన్ని చర్చించింది. సంస్థానాల్లోని బేగారు, అంటే వెట్టి, బాధ అక్కడ వినిపించింది గానీ, చెప్పడానికి హైదరాబాద్ ప్రతినిధులు లేరు. హైదరాబాద్‌ను భారత్‌లో కలిపిన పోలీసు చర్య జరిగి అప్పటికి మూడు నెలలైనా కాలేదు. జనగామ తాలూకా గురించి జనగామ మనిషి మాట్లాడకుండానే అధికరణ ఖాయమైంది. 1949 నవంబరులో నిజాం ఫర్మానాతో ఆ రాజ్యాంగం ఇక్కడికీ వచ్చింది.

నన్ను అడిగితే, రెండు దేశాల మినహాయింపులు పక్కపక్కన పెట్టి చదవాలి. అమెరికా మినహాయింపు ఖైదీకి. దక్షిణాది రాష్ట్రాలు ఆ సందులోంచే విముక్తులైన నల్లవారిని మళ్లీ చాకిరీలోకి లాగాయి. మన మినహాయింపు ప్రజా ప్రయోజనానికి. రాజ్యం అందుకోసం నిర్బంధ సేవ అడగవచ్చు గానీ మతం, జాతి, కులం, వర్గం చూసి తేడా చెయ్యకూడదు. గిర్దావర్ మూట మాదిగ నెత్తినే ఎందుకు ఎక్కిందో తెలిసినవాళ్లు రాసిన షరతు అది.

ప్రాథమిక హక్కులు చాలావరకు సర్కారు చేతులు కట్టేస్తాయి. 23వ అధికరణ పక్కింటి ఆసామి చేతులు కూడా కట్టేస్తుంది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఆ మాట తేల్చి చెప్పింది. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకున్నదీ బలవంతపు చాకిరీయే అంది. జస్టిస్ భగవతి ఆ తీర్పులో అమెరికా 13వ సవరణనూ ప్రస్తావించారు.

అంతకుముందే, 1976లో, వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక విజిలెన్స్ కమిటీ ఉండాలి. అంటే 2016లో కొత్త జిల్లాలైన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి దేనికది వేసుకోవాల్సిందే. కలెక్టర్ అధ్యక్షుడు. జిల్లాలోనే ఉండే ఎస్సీ, ఎస్టీలు ముగ్గురు, సామాజిక కార్యకర్తలు ఇద్దరు అందులో కూర్చోవాలి. అంటే ఊరివాళ్లకూ ఇందులో పనుంది. ఇది మనిషిని చాకిరీకి కట్టేసిన వెట్టి అప్పేనని వెట్టి కూలీ గానీ, ఈ కమిటీ గానీ చెబితే, కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చిన ఆసామే.