ముక్కుకు తగ్గ కళ్ళజోడు

మొన్న ఇబ్రహీంపట్నంలో మా చిన్నమ్మను కళ్ళజోళ్ళ దుకాణానికి తీసుకెళ్ళాను. సాగర్ రోడ్డు మీద బస్సుల మోత. దుకాణం కుర్రాడు ట్రే తరవాత ట్రే తెచ్చి ముందు పెడుతున్నాడు. "అమ్మా, మీ ముఖానికి ఇది అదిరిపోతుంది" అన్నాడు. చిన్నమ్మ అద్దం వంక చూడనే లేదు.

"ముఖం సంగతి ఎనక చూద్దాం. ముక్కు మీద నిలుస్తదా, అది చెప్పు బిడ్డా" అంది.

నాకు నవ్వొచ్చింది. కానీ తీరిగ్గా ఆలోచిస్తే కళ్ళజోడు చరిత్రంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగిందనిపించింది.

కళ్ళజోడు ఇటలీలో పుట్టింది. 1306లో ఫ్లోరెన్స్ నగరంలో జోర్డానో అనే క్రైస్తవ సన్యాసి ప్రసంగం చేస్తూ, ఈ విద్య తెలిసి ఇంకా ఇరవై ఏళ్ళయినా కాలేదన్నాడు. అద్దాలు దొరికాయి, సరే. వాటిని ముఖం మీద నిలబెట్టే గట్టి కాడలు రావడానికి మరో నాలుగు వందల ఏళ్ళు పట్టిందంటే నమ్ముతారా? రెండు అద్దాలు, వాటిని కలుపుతూ నడుమ ఒక మేకు, అంతే. చేత్తో పట్టుకోవాలి, లేదా ముక్కుకు బిగించి ఊపిరి బిగపట్టాలి. తుమ్మొస్తే ఇక చెప్పనక్కర్లేదు! కొందరు దారాలు కట్టి చెవులకు తగిలించుకున్నారు. చివరికి 1730 ప్రాంతంలో లండన్‌లో ఎడ్వర్డ్ స్కార్లెట్ అనే ఆయన కాడలున్న కళ్ళజోళ్ళు అమ్మాడు. ఆ కాడలూ చెవుల దాకా రాలేదు, కణతలను నొక్కి ఊరుకునేవి.

అంత దూరం ఎందుకు, మన విజయనగరానికే వద్దాం. కృష్ణదేవరాయల కాలంలో గొప్ప గౌరవం పొందిన వ్యాసరాయలవారి చరిత్రను సోమనాథుడనే కవి సంస్కృతంలో రాశాడు. అందులో ఆయన 'ఉపలోచన గోళకం' సాయంతో చదివినట్టు ఉంది. పరిశోధకుడు పి.కె. గోడే దీన్ని ఎత్తిచూపి, అవి కళ్ళజోడే అన్నాడు. 1520 నాటి మాట. గోవాలో పోర్చుగీసువాళ్ళున్న రోజులు కనుక అటునుంచే వచ్చి ఉంటాయి. అప్పటికి కాడలు పుట్టలేదు కాబట్టి, అంతటి పండితుడికీ ముక్కుతో తిప్పలు తప్పి ఉండవు.

ఇక ఎదుటివాళ్ళ కోసం పెట్టుకునే కళ్ళజోడు మాట. దాని వయసూ తక్కువేం కాదు. 1352లో టొమాసో అనే చిత్రకారుడు ఇటలీలోని ట్రెవీసోలో ఒక మతాచార్యుడి బొమ్మ గీసి, కళ్ళజోడు పెట్టాడు. మనకు తెలిసి కళ్ళజోడు కనిపించే మొదటి బొమ్మ అదే. తమాషా ఏమిటంటే ఆ పెద్దమనిషి 1263లోనే పోయాడు, కళ్ళజోడు పుట్టకముందే! పండితుడన్నాక ముఖాన ఇది ఉంటే బాగుంటుందని చిత్రకారుడికి తోచింది, పెట్టేశాడు.

మగవాడికి కళ్ళజోడు పాండిత్యానికి గుర్తు. మరి ఆడపిల్లకి? చిన్నమ్మ పెళ్ళిచూపులనాడు ఇంట్లోవాళ్ళు ఆమె కళ్ళజోడు తీసి బియ్యం డబ్బాలో దాచారు. "మనిషి కనబడలే. తెల్ల అంగీ ఒక్కటే కనబడ్డది, దానికే తల ఊపిన" అని ఇప్పటికీ నవ్విస్తుంది. పెళ్ళయ్యాక కూడా అది డబ్బాలోంచి బయటికి రాలేదు. బస్సు బోర్డు ఎవరినో అడగడం, టీచరు కావాలనుకున్న మనిషి పుస్తకమే మానేయడం... ఆ మాట మటుకు నవ్వుతూ చెప్పదు. అమెరికాలో 1930ల చివర అల్టినా షినాసీ అనే ఆవిడ, ఆడవాళ్ళకు అందమైన చట్రాలెందుకుండవని, కొసలు పైకి తేలిన హార్లెక్విన్ ఫ్రేము తయారుచేసింది. పెద్ద కంపెనీలు మొదట వద్దన్నాయి. తరవాత అదే ఫ్యాషనై కూర్చుంది. మా బియ్యం డబ్బా దాకా ఆ గాలి రాలేదు, అంతే.

2018లో కంటి వెలుగు శిబిరాలు ఊరూరా వచ్చాక, తన ఈడువాళ్ళంతా వరసగా కళ్ళజోళ్ళతో కనబడితే చిన్నమ్మకు ధైర్యం వచ్చింది. నేను పోయినేడు పట్నంలో పెద్ద పెద్ద అద్దాల ఫ్రేము కొనిచ్చాను. తప్పు నాదే. ఆమెకు మైనస్ పవరు ఎక్కువ. మైనస్ అద్దం అంచులకు పోయేకొద్దీ మందమవుతుంది. ఫ్రేము పెద్దదైతే బరువు, ఆ బరువంతా ముక్కు మీదే. జాకెట్టుకు హెమ్మింగ్ కుట్టబోయి తల వంచితే చాలు, జారి ఒళ్ళో పడేది.

ఈసారి కాడ లోపలి అంకెలు చూశాను. 52-18-140 అని ఉంటాయి చూడండి: అద్దం వెడల్పు, ముక్కు దగ్గర సందు, కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో. 46 ఉన్న చిన్నది అడిగాను. మరీ చిన్నదైతే బైఫోకల్ కింది ముక్కకు చోటు చాలదని కుర్రాడే చెప్పి, కాస్త లోతున్నది, ముక్కు దగ్గర మెత్తలు సర్దుకునేది తీశాడు.

చిన్నమ్మ పెట్టుకుని, సంచీలోంచి జాకెట్టు తీసి, ఒళ్ళో వేసుకుని కుట్టేటట్టు తల వంచింది. అటూ ఇటూ ఊపింది. కదల్లేదు.

"ఇది నిలిచింది" అంది. ఆ తరవాత మెల్లగా అద్దం దగ్గరికి లాక్కుని చూసుకుని, కుర్రాణ్ణి అడిగింది. "ఇందులోనే ఎర్రది ఉన్నదా బిడ్డా?"