ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల, అనంతపురం

అనంతపురం పట్టణంలోని ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల ఆంధ్ర ప్రదేశ్‌లోని పాత కళాశాలలలో ఒకటి. దీనిని 1916లో అప్పటి మద్రాసు ప్రభుత్వము "సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ" అను పేరుతో స్థాపించినది. తెలుగులో దీనిని దత్తమండల కళాశాల అని వ్యవహరించేవారు. భారత రాష్ట్రపతి పదవిని అలంకరించిన ఇద్దరికి ఈ కళాశాలతో సంబంధము కలదు. వారిలో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఇక్కడ అధ్యాపకుడు కాగా, నీలం సంజీవరెడ్డి ఇక్కడ విద్యార్థి. "రాయలసీమ" అను పేరును ప్రతిపాదించిన చిలుకూరి నారాయణరావు కూడ ఈ కళాశాల తెలుగు అధ్యాపకుడే.

నేపథ్యము

మైసూరు యుద్ధముల వలన తనకు సంక్రమించిన బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతములను హైదరాబాదు నిజాం 1800 సంవత్సరములో ఈస్టిండియా కంపెనీకి అప్పగించినాడు. తన రాజ్యములో ఉంచిన కంపెనీ సైన్యము ఖర్చుకు బదులుగా ఇచ్చినవి కనుక ఆంగ్లేయులు వీటిని "సీడెడ్ డిస్ట్రిక్ట్స్" అన్నారు. అదే తెలుగులో దత్తమండలములు అయినది. కర్నూలు నవాబు ఏలుబడిలోని ప్రాంతము 1839లో కంపెనీ వశమైనది. బళ్లారి జిల్లానుండి విడదీసి 1882లో అనంతపురం జిల్లాను ఏర్పరచినారు.

జిల్లా సగటు వర్షపాతము ఏడాదికి సుమారు 550 మి.మీ. మాత్రమే. నైరుతి ఋతుపవనములను పడమటి కనుమలు అడ్డుకొనును. ఈశాన్య ఋతుపవనములు తీరమునుండి ఇంతదూరము వచ్చుసరికి బలహీనపడును. ఇటువంటి చోట వాన లేని సంవత్సరము పిల్లవాని చదువు కూడ ఆగిపోవును. కొడుకును మద్రాసులో ఉంచి చదివించగల రైతులు వేళ్ళమీద లెక్కింపదగినంత మందే. గోదావరి తీరమున రాజమండ్రిలో ప్రభుత్వ కళాశాల 19వ శతాబ్దములోనే ఏర్పడగా, దత్తమండలములకు ఆ భాగ్యము 1916 వరకు కలుగలేదు.

దీనిని రాయలసీమలో మొట్టమొదటి కళాశాలగా కొందరు వ్రాయుచున్నారు. అనీబిసెంట్ ప్రోత్సాహముతో మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల 1915లోనే ప్రారంభమైనది. కనుక దీనిని మొదటి ప్రభుత్వ కళాశాల అనుట సముచితము.

అధ్యాపకులు

సర్వేపల్లి రాధాకృష్ణన్ మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలనుండి బదిలీపై వచ్చి, రాజమండ్రికి వెళ్ళుటకు ముందు స్వల్పకాలము ఇక్కడ తత్వశాస్త్రము బోధించినారు. ఆయన పేరు తరచుగా చెప్పుకొనబడుచున్నను, ఈ ప్రాంతముపై చెరగని ముద్ర వేసినది మాత్రము చిలుకూరి నారాయణరావు అని చెప్పవలెను.

నారాయణరావు ఉత్తరాంధ్రకు చెందినవారు. తెలుగు అధ్యాపకుడుగా అనంతపురం వచ్చి ఇక్కడివారే అయిపోయినారు. ఖురానును మొదటిసారి తెలుగులోనికి అనువదించినది వీరే. వీరి "ఆంధ్రభాషా చరిత్రము" 1937లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు ప్రచురణగా వెలువడినది. తెలుగు ద్రావిడ భాషా కుటుంబమునకు చెందినది కాదని, ప్రాకృతములనుండి పుట్టినదని అందులో వాదించినారు. ఈ వాదమును గంటి జోగిసోమయాజి వంటి పండితులు ఖండించినారు. నేటి భాషాశాస్త్రజ్ఞులు కూడ అంగీకరించరు. అయినను ఆ గ్రంథములో ఆయన కూర్చిన శాసనభాషా సామగ్రి, పదసంపద ఇప్పటికిని పరిశోధకులకు ఉపయోగపడుచున్నవి.

రాయలసీమ నామకరణము

1928 నవంబరు 17, 18 తేదీలలో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినది. దానికి అధ్యక్షత వహించినది పూర్వము అనంతపురంలో పనిచేసిన రాధాకృష్ణనే. అక్కడనే కడప కోటిరెడ్డి అధ్యక్షతన దత్తమండలముల సమావేశము కూడ జరిగినది. ఒకరు మరొకరికి దానముగా ఇచ్చిన భూమి అను అర్థము వచ్చు పేరు తమకు అవమానకరమని, విజయనగర రాయలు ఏలిన సీమ కనుక "రాయలసీమ" అని పిలువవలెనని చిలుకూరి నారాయణరావు అచట సూచించగా సభ్యులు ఆమోదించినారు. ఈ గౌరవమును గాడిచర్ల హరిసర్వోత్తమరావుకు ఇచ్చువారు కూడ కలరు. ఆ పేరును ప్రచారము చేయుటలో ఆయన పాత్ర కాదనలేనిది గాని, నంద్యాల సభలో ప్రతిపాదన నారాయణరావుదేనని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయము. దత్తమండలము అను మాట వద్దన్న అధ్యాపకుడు జీతము తీసుకొనుచున్నది అదే పేరుగల కళాశాలలో అగుట గమనింపదగినది.

విశ్వవిద్యాలయ వివాదము

ఆరంభములో కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా ఉండెను. 1926లో బెజవాడ కేంద్రముగా ఆంధ్ర విశ్వకళా పరిషత్తు ఏర్పడినపుడు, దాని శాశ్వత కేంద్రము ఎక్కడ ఉండవలెనను విషయముపై తీవ్రమైన వాదోపవాదములు జరిగినవి. అనంతపురం పేరు కూడ పరిశీలనకు వచ్చినది. చివరకు 1930లో కేంద్రము వాల్తేరుకు తరలినది. దత్తమండలముల కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయముతోనే ఉండిపోయినవి. ఆంధ్రోద్యమమును గురించి సీమవాసులలో కలిగిన అనుమానములకు ఇది ఒక ముఖ్య కారణము.

1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు నివాసమైన శ్రీబాగ్‌లో కుదిరిన ఒడంబడికలో ఈ ఫిర్యాదునకు చోటు దక్కినది. వాల్తేరుతో పాటు అనంతపురంలో కూడ విశ్వవిద్యాలయ కేంద్రమును అభివృద్ధి చేయవలెనని అందులో వ్రాసుకొనిరి. ఆ ఒడంబడికపై సంతకములు చేసినవారిలో అనంతపురం జిల్లా నాయకులు కల్లూరు సుబ్బారావు, పప్పూరు రామాచార్యులు ఉన్నారు. ఆ మాట నెరవేరుటకు నాలుగు దశాబ్దములకు పైగా పట్టినది. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము తిరుపతిలో ఏర్పడినది. 1960ల చివర దాని స్నాతకోత్తర కేంద్రము అనంతపురంలో ప్రారంభమై, 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయముగా మారినది. ఈలోగా 1948లో గిండీనుండి ఇంజనీరింగు కళాశాల అనంతపురానికి వచ్చినది. నేటి జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము (అనంతపురం) దానినుండి ఎదిగినదే.

పూర్వ విద్యార్థి నీలం సంజీవరెడ్డి

సంజీవరెడ్డి 1913 మే 19న ఇల్లూరు గ్రామములో జన్మించినారు. మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన ఉన్నత పాఠశాలలో చదివి, పిమ్మట ఈ కళాశాలలో చేరినారు. 1929లో గాంధీజీ అనంతపురం వచ్చినపుడు కలిగిన ప్రభావముతో ఖద్దరు ధరించుట ప్రారంభించి, 1931లో చదువు మానివేసి స్వాతంత్ర్యోద్యమములో ప్రవేశించినారు. 1940-45 మధ్య చాలకాలము కారాగారములో గడిపినారు.

కళాశాలలలో పూర్వ విద్యార్థుల పట్టికలు సాధారణముగా పట్టములు పొందినవారితో నిండి ఉండును. ఈ కళాశాల పట్టికలో మొదటి పేరు పట్టము పొందకుండ వెళ్ళినవానిది. ఆయన 1956 నవంబరు 1న ఆంధ్ర ప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయినారు. తరువాత రెండు పర్యాయములు లోక్‌సభ స్పీకరుగా పనిచేసి, 1977లో పోటీ లేకుండ రాష్ట్రపతిగా ఎన్నికైనారు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ స్థాపనలో ఆయన చేసిన కృషికి గాను 1958లో ఆ విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరేటును ప్రదానము చేసినది. 1996 జూన్ 1న బెంగుళూరులో మరణించినారు.

తరువాతి కాలము

కాలక్రమమున సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ అను పేరు పోయి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల అను పేరు స్థిరపడినది. పేరులో ఆర్ట్స్ అని ఉన్నను సైన్సు, కామర్సు శాఖలు కూడ కలవు. ఇది శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమునకు అనుబంధమైన స్వయంప్రతిపత్తి గల కళాశాల. 2016లో నూరు సంవత్సరములు పూర్తి చేసికొన్నది. 2022 ఏప్రిల్‌లో పాత అనంతపురం జిల్లానుండి పుట్టపర్తి కేంద్రముగా శ్రీ సత్యసాయి జిల్లాను విడదీసినారు. కళాశాల అనంతపురం జిల్లాలో ఉన్నది.