కళాశాలా క్రీడలలో స్త్రీలు

కళాశాలలయందును విశ్వవిద్యాలయములయందును విద్యార్థినులకు విద్యార్థులతోపాటు ఆటస్థలము, శిక్షణము, క్రీడాసామగ్రి, ప్రయాణవ్యయము, పోటీలలో ప్రవేశము సమముగా లభింపవలెనను సూత్రము ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున రూపుదాల్చినది. ఆ సూత్రము తెలుగునాట, అందునను పెద్దపల్లి జిల్లాలోని రామగుండము, గోదావరిఖని బొగ్గుగనుల ప్రాంతమున ఎట్లు ప్రవేశించి, ఎక్కడ నిలిచిపోయి, ఏ దారిని మరల ముందుకు సాగినదో ఈ వ్యాసమునందు వివరింపబడుచున్నది.

ఆధునిక ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు 1900 నాటి పారిస్ క్రీడలయందే ప్రవేశము లభించినను, అది కొలది ఆటలకే పరిమితమై యుండెను. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమున స్త్రీలు 800 మీటర్ల పరుగు పందెమున పాల్గొనగా, ఆ శ్రమ స్త్రీదేహమునకు తగదని నిర్ణయించి, ఆ పందెమును 1960 వరకు తొలగించిరి. మారథాను వారికి 1984లో గాని దక్కలేదు. దేహమునకు హానియను ఈ వాదమే కళాశాలలలోనికిని వచ్చి, అనేక తరముల బాలికలను మైదానపుటంచున నిలిపి చూపరులను గావించినది. విద్యాసంస్థల విషయమున మొదటి బలమైన శాసనము అమెరికాలో 1972 జూన్ 23న వెలువడిన విద్యాచట్టములోని తొమ్మిదవ శీర్షిక. ప్రభుత్వధనము పొందు విద్యాకార్యక్రమములలో స్త్రీపురుషభేదము పాటింపరాదని విధించిన ఆ శీర్షిక తన మూలపాఠమున క్రీడల నేకరువు పెట్టకున్నను, దాని ఫలము క్రీడలలోనే మిక్కిలి ప్రస్ఫుటమయ్యెను. అంతకుముందు ఆ దేశపు కళాశాలా జట్లలో సుమారు 30,000గా నుండిన క్రీడాకారిణుల సంఖ్య నేడు 2 లక్షలు దాటినది.

భారతదేశమున ఇట్టి ప్రత్యేక శాసనము లేదు. రాజ్యాంగములోని 15వ అధికరణము లింగవివక్షను నిషేధించి, స్త్రీలకొరకు ప్రత్యేకసదుపాయములు కల్పించు అధికారమును ప్రభుత్వమునకొసగినది గాని, కళాశాలా మైదానము దినమునకెన్ని గంటలు విద్యార్థినులకు చెందవలెనో, క్రీడానిధిలో వారి పాలెంతయో చెప్పు విధి దానినుండి పుట్టలేదు. 1925లో ఏర్పడిన అంతర్విశ్వవిద్యాలయ మండలి, 1973 నుండి భారతీయ విశ్వవిద్యాలయముల సంఘమను పేరుతో, విశ్వవిద్యాలయముల నడుమ పోటీలను నడపుచు, స్త్రీలకు వేరుగా పోటీలనేర్పరచినది. స్వతంత్ర భారతమునుండి స్త్రీలు 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలకు మొదటిసారి వెళ్లిరి. అంతర్జాతీయ మహిళా సంవత్సరమైన 1975లో జాతీయ మహిళా క్రీడోత్సవములు ఆరంభమయ్యెను.

తెలుగుదేశమున విద్యార్థినులకు తమదని చెప్పుకొనదగిన ఆవరణము ముందుగా మహిళా కళాశాలలయందే లభించినది. హైదరాబాదులో 1924లో వెలసి, పిమ్మట కోఠీలోని పూర్వపు బ్రిటిషు రెసిడెన్సీ భవనమునకు మారిన ఉస్మానియా మహిళా కళాశాలయు, 1983లో తిరుపతిలో స్థాపితమైన శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమును ఇందులకు నిదర్శనములు. సహవిద్యా కళాశాలలో బాలుర జట్టు ఆడి విడిచిన వేళకై కాచుకొనవలసిన బాలికకు ఇట్టిచోట్ల ఆ నిరీక్షణము తప్పినది. ఈ అంశమునకు చరిత్రకారులు తగినంత ప్రాధాన్యమీయలేదని నా నమ్మకము.

బొగ్గుగనుల ప్రాంతపు కథ దీనికి భిన్నము. ఇచ్చట మైదానములకు కొదువలేదు. ఈ గనులను నడపు సింగరేణి సంస్థ కాలనీలను కట్టునపుడే ఆటస్థలములనుగూడ ఏర్పరచెను; వర్క్ పీపుల్స్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ అను పేర కార్మికుల క్రీడలకు ప్రత్యేకముగా ఒక సంఘమే వెలసినది. అయినను ఆ క్రీడాపోషణము ఉద్యోగమును ఆశ్రయించి యుండెను, ఉద్యోగమో గనిని ఆశ్రయించి యుండెను, గనిలో స్త్రీకి చోటు లేకుండెను. 1952 నాటి గనుల చట్టములోని 46వ విభాగము స్త్రీలను భూగర్భమున పనికి నియమింపరాదనియు, ఉపరితలమునగూడ ఉదయము 6 గంటలకును సాయంకాలము 7 గంటలకును నడుమనే నియమింపవలెననియు శాసించినది. స్త్రీరక్షణకై చేసిన ఈ విధియే, ఉద్దేశింపకయే, బొగ్గుబావి చుట్టు అల్లుకొనిన క్రీడాజీవితమును పురుషులపాలు చేసినది. ఆటలో రాణించిన కొడుకునకు ఆ ఆట ఎప్పుడైన కొలువునకు అక్కరకు వచ్చునని తండ్రి తలపోయుటకు అవకాశముండెను. కూతురి విషయమున అట్టి ఆశకు ఆధారమే లేకపోయెను. 2019లో కేంద్రప్రభుత్వము సాంకేతిక, పర్యవేక్షక, నిర్వాహక కార్యములలో స్త్రీలు పగటివేళ భూగర్భమున పనిచేయుటకు అనుమతించినది.

దీనికితోడు షిఫ్టుల జీవనమొకటి. మొదటి షిఫ్టు ముగించుకొని, బొగ్గుధూళితో ఇల్లు చేరిన తండ్రికి స్నానమునకు వేడినీళ్లు, అన్నము అమర్చవలసిన వేళయు, కళాశాల విడిచి మైదానమున ఆట మొదలగు వేళయు ఇంచుమించు ఒక్కటే. ఆ పనిలో తల్లికి చేదోడుగా నిలువవలసినది ఆడుపిల్లయే. బతుకమ్మ పండుగనాళ్లలో ఆ కాలనీ మైదానములకే స్త్రీలు గుంపులు గుంపులుగా వచ్చి చీకటిపడువరకు ఆడుదురు, ఎవరును కాదనరు. అదే చోటికి తక్కిన దినములలో ఒక విద్యార్థిని వాలీబాలు పట్టుకొని వచ్చిన అనుమతియేల కావలసివచ్చెనో ఆలోచింపదగినది.

మైదానమునకు వచ్చిన పిమ్మటను చిక్కులుండెను. వాలీబాల్ వల పురుషులకు 2.43 మీటర్లు, స్త్రీలకు 2.24 మీటర్లు ఎత్తున కట్టవలెను. పురుషుల కొలతకే బిగించిన గుంజలయొద్ద సాధనచేసిన విద్యార్థినికి నిజమైన పోటీలో కొట్టుదెబ్బ అంచనా తప్పును. కబడ్డీ బరి పురుషులకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు కాగా, స్త్రీలకు 12, 8 మీటర్లు మాత్రమే. ఇనుపగుండు బరువు పురుషులకు 7.26 కిలోగ్రాములు, స్త్రీలకు 4 కిలోగ్రాములు. స్త్రీలకొక గుండు, ఒక వల, రెండవ సున్నపుగీత అనునవి స్వల్పవ్యయములే. కాని ఇవి ఉన్నవో లేవో చూచినచో ఆ కళాశాల తన విద్యార్థినులను క్రీడాకారిణులుగా ఎంచినదో లేదో ఫిజికల్ డైరెక్టరు (పీడీ) గదిలోని రిజిస్టరుకన్న తేటగా తెలియును.

విశ్వవిద్యాలయ కేంద్రము దూరమగుటయు ఒక ఆటంకమే. ఈ ప్రాంతపు కళాశాలలు మొదట హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయమునకును, 1976లో వరంగల్లున కాకతీయ విశ్వవిద్యాలయము స్థాపితమైన పిమ్మట దానికిని, 2008లో కరీంనగరమున శాతవాహన విశ్వవిద్యాలయము వెలసిన పిమ్మట దానికిని అనుబంధములైనవి. జట్టు ఎంపికకు రాత్రి బసచేయక తప్పని దూరమునకు కూతురిని పంప జంకిన తలిదండ్రులు, పొద్దున బస్సెక్కి మాపటికి మరలి రాగల కరీంనగరమునకు పంపుటకు అంతగా జంకరు. క్రీడల పేరెత్తకయే క్రీడలకు మేలు చేసిన పాలనామార్పు ఇది.

విశ్వవిద్యాలయ పోటీల నిర్వహణలోని లోపము క్రీడాకారిణికెట్టి నష్టము కలిగించునో విశాఖపట్టణపు యర్రాజి జ్యోతి చరిత్రము చాటుచున్నది. 2020 జనవరిలో కర్ణాటకములోని మూడబిదిరెయందు జరిగిన అఖిల భారత అంతర్విశ్వవిద్యాలయ పోటీలలో ఆమె 100 మీటర్ల హర్డిల్స్ పందెమును 13.03 సెకనులలో ముగించెను. అనురాధా బిస్వాల్ 2002లో నెలకొల్పిన 13.38 సెకనుల జాతీయ రికార్డుకన్న అది మెరుగైనదే. కాని ఆ పోటీలయందు ఆమెకు డోపింగు పరీక్ష జరుగలేదనియు, జాతీయ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేడనియు దానిని గుర్తింపరైరి. ఆ లోపము పరుగెత్తినదానిది కాదు, పోటీ నడపినవారిది. 2022 మే నెలలో సైప్రస్‌లోని లిమసోల్‌నందు 13.23 సెకనులలో పరుగెత్తి ఆమె రికార్డును చట్టబద్ధముగా తనదిగా చేసికొనెను. ఆ సంవత్సరమే అక్టోబరులో బెంగుళూరునందు 12.82 సెకనులతో, 13 సెకనులలోపున ఆ పందెమును ముగించిన మొదటి భారతీయ వనితగా నిలిచెను.

తెలంగాణమున ఇటీవలి కాలపు ప్రధానపరిణామము గురుకుల విద్య. సాంఘిక సంక్షేమ గురుకుల సంస్థ 2016లో 30 మహిళా డిగ్రీ కళాశాలలను తెరచెను. వసతి, భోజనము, మైదానము ఒక్కచోటనే యుండుటచే సాయంకాలపు ఇంటిపని అడ్డుతగులదు, బస్సు వెదకుకొనవలసిన పనియు లేదు. నార్సింగి గురుకుల పాఠశాలలో చదివిన అగసర నందిని ఏడంశముల హెప్టాథ్లాన్ పోటీలో 2023 అక్టోబరున హాంగ్‌చౌ ఆసియా క్రీడలయందు 5,712 అంకములతో కాంస్యపతకము గెలిచెను. నాలుగవ స్థానమున నిలిచిన స్వప్నా బర్మన్‌కు వచ్చినవి 5,708. నందిని తండ్రి టీ అమ్మి కుటుంబమును పోషించినవాడు. గురుకులము వెలుపల, ఇంటినుండియే కళాశాలకు వచ్చిపోవు గోదావరిఖని విద్యార్థినికి ఈ సౌకర్యము లేదు. ఆమె కళాశాలకు కావలసినవి ఒక మహిళా పీడీ, తాళము వేసికొనదగిన దుస్తుల గది, కాలపట్టికలో బాలికల పేర వ్రాసిన మైదానపు గంట.