ఫేనీకే అనే పేరు ఎక్కడిది?



తూరు సీదోనుల ప్రాంతంలో తన కుమార్తె కొరకు యేసును బతిమాలుకొన్న తల్లి మనకు తెలుసు. మత్తయి సువార్త 15వ అధ్యాయం ఆమెను కనాను స్త్రీ అంటుంది. మార్కు సువార్త 7వ అధ్యాయం సురోఫెనికయ వంశస్థురాలు అంటుంది. స్త్రీ ఒక్కతే. మరి పేర్లు రెండెందుకు?

కనాను ఆ దేశపు పాత పేరు. ఫేనీకే గ్రీకులు పెట్టిన పేరు. అక్కడివారు సముద్రపు నత్తల నుండి ఊదారంగు తీసి, బట్టలకు అద్ది, దూరదేశాలలో అమ్మేవారు. అటువంటి ఎరుపును గ్రీకులు ఫోయినిక్స్ అన్నారు. ఆ మాట నుండే ఫేనీకే వచ్చిందని చాలామంది పండితుల అభిప్రాయం.

గ్రీకు పురాణం మాత్రం వేరొక కథ చెబుతుంది. తూరు రాజైన అగేనోరుకు యూరోపా అనే కుమార్తె ఉండేది. మన తెలుగు బైబిలులో ద్యుపతి అనబడిన జ్యూస్, ఎద్దు రూపంలో వచ్చి ఆమెను క్రేతు ద్వీపానికి ఎత్తుకొనిపోయాడు. ఆమె లేకుండా తిరిగి రావద్దని చెప్పి తండ్రి తన కొడుకులను పంపాడు. ఆమె ఎవరికీ దొరకలేదు. ఫోయినిక్స్ స్థిరపడిన దేశం ఫేనీకే, కిలిక్స్ స్థిరపడిన దేశం కిలికియ అయ్యాయట. కాడ్మస్ గ్రీసుకు వెళ్లి థేబెస్ పట్టణాన్ని స్థాపించాడట. యూరప్ ఖండానికి ఆ రాజకుమార్తె పేరే వచ్చిందట.

ఇందులో నిజమెంత? పౌలు పుట్టిన తార్సు కిలికియలోనిదే. అయితే క్రీ.పూ. 9వ శతాబ్దపు అష్షూరు శాసనాలలోనే హిలక్కు అనే పేరు కనబడుతుంది. అంటే పేరు ముందు ఉంది, పేరును బట్టి మనిషిని కల్పించారు. యూరప్ సంగతి కూడా అంతే. తూరు స్త్రీయైన యూరోపా ఆ ఖండంలో అడుగే పెట్టలేదని క్రీ.పూ. 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ తానే వ్రాశాడు.

అలాగని కథనంతా పారవేయకూడదు. కాడ్మస్‌తో వచ్చిన ఫేనీకేవారే గ్రీసుకు అక్షరాలు తెచ్చారని హెరోడోటస్ చెప్పాడు. కాడ్మస్ ఉన్నాడో లేడో గాని, అక్షరాల మాట నిజం. గ్రీకు మొదటి అక్షరం ఆల్ఫా, రెండవది బీటా. గ్రీకులో ఈ పేర్లకు అర్థమే లేదు. 119వ కీర్తన భాగాలకున్న ఆలెఫ్, బేత్ అనే పేర్లను చూడండి. ఆలెఫ్ అంటే ఎద్దు, బేత్ అంటే ఇల్లు. ఫేనీకేవారి భాష హెబ్రీకి దగ్గర బంధువు.

ఆ ప్రజలు పపైరస్ మీద వ్రాసుకొన్నవి దాదాపు అన్నీ నశించాయి. అందుకే వారిని నేటికీ పొరుగువారు పెట్టిన పేరుతోనే పిలుస్తున్నాము. అయినా వారి అక్షరాలు నిలిచాయి. శ్రోతలారా, మత్తయి, మార్కు సువార్తలు మనకు గ్రీకులోనే అందాయి. ఆ తల్లి మొరను మన వరకు మోసుకొచ్చిన అక్షరాలు, ఆమె పితరుల దేశం నుండి బయలుదేరినవే.